వంకలో పెట్టిన కారు

పోయిన వారం మనం కుళ్లాయప్పను ఒక కాలు కళ్యాణదుర్గం బస్సు మెట్టు మీదా, ఇంకో కాలు కుందుర్పి నేల మీదా ఉండగా వదిలేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. వారమంతా ఒక పెద్దమనిషిని అలా రెండు పడవల మీద నిలబెట్టినందుకు మన్నించాలి. పడవంటే ఏమిటో ఈ మండలంలో చాలామంది చూసి ఎరగరు కాబట్టి అదంత పెద్ద తప్పు కూడా కాదేమో. ఆయన బస్సెందుకు ఎక్కుతున్నాడు? వకీలు కోసం. వకీలెందుకు? కారు కేసు వేసింది కాబట్టి. కారు కేసెలా వేస్తుంది? అదిగో, అదే పొద్దుటినుంచీ బస్టాండులో ఎవరికీ అంతుపట్టనిది.

ఇప్పుడే వచ్చి కూర్చున్న పాఠకులకు నాలుగు ముక్కలు. కుళ్లాయప్ప మరదలు హేమావతి, ఆమె భర్త తిప్పేష్ మస్కట్‌లో ఉంటారు. తిప్పేష్ తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టీ పట్టీ, చివరికి ఆ నునుపు మీదే జారి సముద్రం అవతల తేలాడు. అక్కడ పాలరాయి కోసే ఫ్యాక్టరీలో మేస్త్రీ. వాళ్లకొక పాత కారుంది. ఆ కారుకు ఏ బీమా, హేమావతి ఒంటికి ఏ బీమా, ఏది మనల్ని మోస్తుంది, ఏది మోసం చేస్తుంది అన్నది ఇన్నాళ్లుగా ఫోన్లలో నలుగుతున్న పంచాయితీ.

బీమా మాటెత్తితే ఆ ఇంట్లో ఆఖరి మాట కుళ్లాయప్పది. శెనక్కాయ పంట బీమాతో జీవితమంతా కుస్తీ పట్టిన మనిషి. ఒక ఏడాది మండలంలో వాన కొలిచే డబ్బా మీద మాత్రం ఒక జల్లు పడి, చుట్టూ చేలల్లో చుక్క పడలేదట. డబ్బా తడిసింది గనక లెక్కలో మండలమంతా తడిసినట్టే అయింది. ఆ డబ్బాతో తాను చేసిన యుద్ధం గురించి ఆయన ఈనాటికీ డబ్బా కొట్టుకుంటాడు. తిప్పేష్ "థర్డ్ పార్టీ తీసుకుందామా అన్నా?" అని అడిగితే, "ఈడ రెండు పార్టీలతోనే ఒకరి పెండ్లికి ఒకరు పోలేకపోతాండాం, మూడోది యాడినుంచి తెస్తావప్పా?" అన్నవాడు. "కాంప్రహెన్సివ్" అంటే, "కంపలు మన చేలో కావాల్సినన్ని ఉండాయి, హెన్సివే తక్కువ" అన్నవాడు.

ఈ పొద్దు హేమావతి ఫోన్ చేసి, "బావా, కారు... వాదీ..." అని రెండే రెండు ముక్కలు చెప్పేసరికి లైను తెగింది. వాది అంటే కోర్టులో కేసు వేసినవాడు. ఎదుటివాడు ప్రతివాది. కారు వాది అయితే ప్రతివాది మన హేమావతే అవ్వాలి! వకీలు, బస్సు, మెట్టు.

"ఎక్కుతావా, దిగుతావా పెద్దాయనా?" కండక్టర్ విసుక్కున్నాడు. "నీ కాలు బస్సుకు బ్రేకు మాదిరి ఉండాది."

అంతలో ఎదురుగా బజ్జీల అంగట్లోంచి రామాంజినమ్మ గొంతు బస్సు ఇంజను కంటే గట్టిగా లేచింది. ఆమె కుళ్లాయప్ప భార్య, హేమావతికి అక్క, ఆ అంగడికి యజమానురాలు. బస్టాండులో హారన్ అవసరం లేకుండా చేసిన మనిషి.

"యోవ్! దిగు! హేమ ఫోన్లో ఉండాది. కేసూ లేదు, గీసూ లేదు!"

కుళ్లాయప్ప దిగాడు. బస్సు నిట్టూర్చి కదిలింది. బస్సులో ఉన్న సగంమంది కూడా దిగారు. వకీలు దొరకొచ్చు, దొరకకపోవచ్చు గానీ, ఇలాంటి సంగతి మళ్లీ దొరకదు.

నూనె మూకుడు పక్కన డబ్బాకు ఆనించిన ఫోన్‌లో రెండు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో హేమావతి, మంచం మీద దిండుకు ఆనుకుని. ఇంకోదాంట్లో తిప్పేష్, ఎక్కడో బయట గొడుగు కింద, వెనకాల హోరుమని చప్పుడు.

"బావా, వాదీ అంటే కోర్టుది కాదు," అంది హేమావతి. "ఈడ వంకను వాదీ అంటారు. మన ఊరి వంక మాదిరే. ఎప్పుడు చూసినా ఇసుక, గులకరాళ్లు. రాత్రి తుపాను వచ్చి వంక పారింది. కారు కొట్టుకపోయింది."

అంగడి ముందు జనమంతా ఫోన్ మీదికి వంగారు. తర్వాత పంక్చర్ల జాకబ్, ఒకప్పుడు కువైట్‌లో సేట్ల కార్లు తోలి వచ్చి ఇప్పుడు ఇక్కడ టైర్లకు గాలి కొట్టుకునే జాకబ్, మెల్లగా అన్నాడు:

"వంక పారిందా!"

ఆ గొంతులో ఉన్నది దుఃఖం కాదు.

"ఎంత ఎత్తు పారింది పాపా?" ఎవరో అడిగారు.

"మనిషి లోతు పైనే."

"అబ్బబ్బా!" జనమంతా ఒక్కసారి నోరు చప్పరించారు. "పెట్టి పుట్టినారు! మన వంక పారి ఎన్నేండ్లయ్యిందో. జాకబూ, నీ పెండ్లప్పుడేనా?"

"నా పెండ్లికా? మా నాయన పెండ్లికి పారిందంట. నా పెండ్లికి నా కండ్లలో పారినాయి నీళ్లు."

"నా కారు పోయిందంటాంటే మీరు సంబరపడతాండారా?" హేమావతి కసురుకుంది. "అక్కా, వీళ్లను పంపించు!"

"యాడికి పంపేది మే, బస్సు పోయింది గదా," అంది రామాంజినమ్మ. "ముందు ఇది చెప్పు. కారును వంకలో పెట్టింది ఎవరు?"

గొడుగు కింద తిప్పేష్ తల వంచాడు. "నేనే వొదినా. నీడ ఉండాది, చదునుగా ఉండాది, ఎవరికీ అడ్డం లేదు. మన ఊర్లో లారీలు పెట్టేది యాడ? వంకలో. సంత జరిగేది యాడ? వంకలో. పోయిన తేరప్పుడు సర్కస్ డేరా ఏసింది యాడ?"

"వంకలోనే," అన్నారు జనం, గుళ్లో గోవిందలాగా. వంకలో కాక బండి ఇంకెక్కడ పెడతారు? మనిషి తప్పేముంది?

"బోర్డు గూడా ఉండె," హేమావతి పళ్లు కొరికింది. "నీళ్ల బొమ్మ, దాంట్లో సగం మునిగిన కారు బొమ్మ. అది చూసినాక గూడా పెట్టినాడు ఈయప్ప."

"నీళ్ల బొమ్మ చూసి, ఈడ కార్లు కడుగుతారేమో అనుకున్యా," అన్నాడు తిప్పేష్.

నవ్వితే పాపమని తెలిసీ జాకబ్ నవ్వాడు. కుళ్లాయప్ప మాత్రం నవ్వలేదు. బీమా నిపుణుడి గంభీరమైన మొహం పెట్టి, కండువా సవరించి, "సరే, పోయింది పోయింది. దుడ్లు కట్టినాం గదా. కంపెనీవాడు ఇస్తాడు," అన్నాడు.

"ఇయ్యడంట బావా. కవరేజీ లేదంట."

కవరేజీ అనేది కవరింగు నగ లాంటిది. మెళ్లో ఉన్నంతసేపూ తళతళ. తాకట్టుకు తీసుకెళ్లిన రోజే దాని రంగు తెలుస్తుంది. కంపెనీవాడికీ వంక పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. వీళ్లే ఏకంగా వంకే చేతికిచ్చారు.

"దొంగతనానికి ఉండాది, గుద్దుకుంటే ఉండాది, అగ్గి పడితే ఉండాది," హేమావతి వేళ్లు మడిచింది. "వరదకు లేదు. నేను వరదది గూడా పెట్టమన్యా. కాగితంలో లేదు. ఎవరు తీసేయమన్యారు?"

ఫోన్‌లో తిప్పేష్ కళ్లు పక్కకు తిరిగాయి. ఆ పక్కన ఉన్నది సముద్రం, దానికి ఇవతల కుందుర్పి, కుందుర్పిలో బస్టాండు, బస్టాండులో కుళ్లాయప్ప. జనం కళ్లూ అక్కడికే చేరాయి.

"నేనే," అన్నాడు కుళ్లాయప్ప. దాచలేదు. దాచే రకం కాదు. "తీసేయమన్యా. మళ్లడిగినా అదే చెప్తా. మనం వాన రాలేదని బీమా కడ్తాం గానీ, వాన వచ్చిందని ఎవరన్నా కడ్తారా మే? వానొస్తే నష్టమని దుడ్లిచ్చి సంతకం పెట్టేదా? ఆయప్ప, వానదేవుడు, పైనుంచి చూడడా? 'ఓహో, కుళ్లాయప్ప ఇంటోళ్లకు నేను వస్తే నష్టమంట' అనుకోడా? ఈడ హస్త కార్తె వచ్చి, పేరుకు తగ్గట్టే చెయ్యిచ్చింది. శెనక్కాయ కాయ ఊరాల్సిన టయము. పొద్దూకులూ మొగులు కోసం పైకి చూస్తాండాం. ఇట్లాంటప్పుడు ఆయప్ప మీద బీమానా?"

జనం తలలు ఊపారు. ఎందుకంటే అక్కడున్నవాళ్లలో ఎవరు ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేవారు. వాన వద్దన్న మాట ఈ నేల మీద ఎవరి నోటా రాదు. పెళ్లి పందిట్లో వాన పడినా, ఆరబెట్టిన మిరపకాయలు తడిసినా, "రానీ, రానీ" అంటారు తప్ప "ఆగు" అనరు. చిన్నపిల్లలు అన్నా నెత్తిన మొట్టికాయ పడుతుంది.

"అది మీ వాన కాదు బావా," హేమావతి మెల్లగా అంది. "ఈడి వాన."

"వానకు నీదీ నాదీ అని ఉంటాదా మే? ఉండేది ఒకటే వాన. తిరుగుతాంటాది."

దీనికి జవాబు వాతావరణ శాఖ దగ్గర కూడా ఉండి ఉండదు.

రామాంజినమ్మ బజ్జీలు తీసి జల్లెడలో పోసింది. "కారు సంగతి ఇడిసిపెట్టండి. ఇనుముది. పోతే పోయింది. ఆసుపత్రి బీమా ఏం చేసినారు? అది చెప్పు. పెద్దదే గదా తీసుకునింది?"

"పెద్దదే అక్కా. మొన్ననే రాసిస్తానని పోయినాడు ఈయప్ప."

తిప్పేష్ గొడుగును ముఖం మీదికి దించుకున్నాడు. దాని మీద వాన ఏదేదో అంటోంది.

"ఏమప్పా?" హేమావతి దిండు మీదనుంచి లేచి కూర్చుంది. "పెద్దదే గదా?"

"చిన్నది," అన్నాడు తిప్పేష్.

"చిన్నదా?"

"అన్న చిన్నది చాలనె."

"చాలన్యా," అన్నాడు కుళ్లాయప్ప, ఇంకా ధైర్యంగానే. "జ్వరమొస్తే ఉండాది, చెయ్యి ఇరిగితే ఉండాది. గట్టి పిల్ల. ఇంక ఏం కావాల? పెద్దదాంట్లో ఏముండాది, కాన్పు ఖర్చంట. కడుపే లేకుండా కాన్పుకు బీమా ఏందప్పా? విత్తనం ఎయ్యకుండా శెనక్కాయ బీమా మాదిరి!"

రామాంజినమ్మ చేతిలో జల్లిగరిట మూకుడు అంచున టంగుమని ఆగింది. ఆమె మొగుణ్ని చూసింది, చుట్టూ జనాన్ని చూసింది, ఫోన్‌లో చెల్లెలిని చూసింది. హేమావతి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మూడు నెలలు నిండకుండా ఆ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు. బస్టాండులో చెప్పడం సంగతి సరేసరి. దిష్టి.

"తగిలితే తగిలింది, ఉప్పుతో దిగదుడుస్తాలే," అని రామాంజినమ్మ కొంగు నడుముకు దోపింది. "యోవ్, విత్తనం పడింది. నా చెల్లెలికి కడుపు."

బజ్జీ కొరికినవాళ్లు కొరికినట్టే ఆగిపోయారు.

"నాకు చెప్పలేదే?" కుళ్లాయప్ప భార్య వైపు తిరిగాడు.

"నీకు చెప్తే మండలమంతా దండోరా ఏసినట్టే గదా. మూడు నెలలు నిండినాక చెప్దామనుకున్యాం."

"నీకు తెలుసనుకున్యా అన్నా," అన్నాడు తిప్పేష్. "నువ్వు చిన్నది చాలంటే, తొలికాన్పు పుట్టింట్లో గదా, హేమను ఆడికి పిలిపించుకుంటాండావు, అందుకే ఈడ కాన్పు బీమా వద్దంటాండావు అనుకున్యా. పెద్దోడివి, గుట్టుగా చెప్తాండావని మళ్ల అడగలేదు."

"నేను అందుకు చెప్పలేదప్పా! ఏమీ తెలియక చెప్పినా!"

"ఏమీ తెలియకనా?" అన్నాడు జాకబ్. "ఇన్నేండ్లూ అట్లనే చెప్తివి గదన్నా."

"నేను రాలేను బావా," అంది హేమావతి. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే అందరినీ భయపెట్టింది. "నిన్న సాయంత్రం డాక్టరమ్మ చెప్పింది. మంచం దిగొద్దంట, విమానం ఎక్కేది అసలే వద్దంట. ఈయప్పకు చెప్దామంటే, రాత్రంతా కారు వెనకాల ఉరికినాడు. పొద్దున చెప్పినా, గమ్మున గొడుగు పట్టుకుని బయటికి పోయినాడు. ముందు రెండుసార్లు నిలవకపాయె. నీకు తెలుసు గదా. ఈసారి కాన్పయ్యేదాకా ఈడి ఆసుపత్రే. ఆ బిల్లు మనం కట్టగలిగేది గాదు బావా. మీ అంగడి అమ్మినా చాలదు."

అప్పటికి అందరికీ అర్థమైంది. కారు వాది కాదు, ప్రతివాదీ కాదు. కుళ్లాయప్పకు కడుపు సంగతి తెలియదు. తెలుసనుకున్నాడు తిప్పేష్. మొగుడు పెద్దది తీసుకున్నాడనుకుంది హేమావతి. దిష్టి తగలకూడదని అందరూ నోరు మూసుకుంటే, మూసిన నోళ్ల మధ్యలోంచి చిన్న పాలసీ చల్లగా జారి వచ్చి కూర్చుంది. పాలసీ అంటే పాలు లేని సీసా అని జాకబ్ అన్నాడు గానీ, ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మార్చుకోలేమా?" రామాంజినమ్మ అడిగింది.

"ఈ పొద్దే గడువు, ఆఫీసు మూసేలోగా పోయి సంతకం పెడితే మారుస్తారంట వొదినా," అన్నాడు తిప్పేష్. "ఉన్న కడుపునూ రాసుకుంటారంట. పొద్దున ఫోన్లో కనుక్కున్యా. రేపు శుక్రవారం, ఎల్లుండి శనివారం, ఈడ సెలవు. మళ్ల తెరిచినాక ఏడాదిదాకా మార్చేది లేదంట. తుపానుకు కంప్యూటర్లు ఆగిపోయినాయి, మనిషే పోవాల."

"మరి పో! ఆడ గొడుగేసుకుని ఏం చూస్తాండావు?"

తిప్పేష్ ఫోన్ తిప్పాడు. బొమ్మలో ఎర్రటి నీళ్లు. అంచు కనిపించనంత వెడల్పు. కొమ్మలూ, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో తలుపు గిర్రున తిరిగి వెళ్లిపోయాయి. ఆ నీళ్లకు అవతల, వానలో మసకగా, ఒక తెల్లటి భవనం.

"అదే ఆఫీసు," అన్నాడు. "మధ్యలో ఇది."

కుందుర్పి ఊరికి ఇంత నీళ్లు వస్తే టెంకాయలు కొట్టి, తప్పెట్లతో ఎదురెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ నీళ్లను చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. నీళ్లంటే భయపడడం వాళ్లకు కొత్త. ఎలా భయపడాలో కూడా సరిగ్గా తెలియలేదు.

"వాన నిలిస్తే వంక దిగిపోతాదంటాండారు ఈడోళ్లు. వచ్చినంత బిరీన పోతాదంట," అన్నాడు తిప్పేష్. "నిలవడంల్యా."

రామాంజినమ్మ మొగుడి వైపు తిరిగింది.

"అడుగు."

"ఏమడిగేది?"

"ఆగమని అడుగు. ఆయప్పకు కోపమొస్తాదని బీమా తీసేయించింది నువ్వు. మర్యాదలన్నీ నీకే తెలుసు. నువ్వే అడుగు."

కుళ్లాయప్ప కదిలాడు. జనం దారి ఇచ్చారు. మెల్లగా అంగడి రేకుల నీడలోంచి బయటికి వచ్చి తల ఎత్తాడు. ఎన్నాళ్లనుంచో రాని మొగులు ఈ పొద్దే కుందుర్పి మీద నల్లగా కమ్ముకుని ఉంది. గొడవలో ఎవరూ చూడలేదు. బస్టాండు వెనక చేనంతా శెనక్కాయ, ఆకు ముడుచుకుని, ఆ మొగులు కిందే కాచుకుని ఉంది.

"అన్నా," జాకబ్ గుసగుసగా అన్నాడు, "అడ్రసు సరిగ్గా చెప్పు. మస్కట్ అని గట్టిగా చెప్పు. ఈడికి తగులుకుంటే ఊరోళ్లు నిన్ను ఊర్లో ఉండనియ్యరు."

కుళ్లాయప్ప కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ అనని మాట. పెదవులు కదిలాయి. "అప్పా, వానప్పా... ఈడ గాదు సామీ. మస్కట్‌లో. మా మరదలుండే పక్క మాత్రం, రవ్వంతసేపు..."

టప్పుమని ఒక చుక్క ఆయన బట్టతల మీద పడింది. ఇంకొకటి జోడించిన చేతుల మీద.

జనమంతా తలలు పైకెత్తారు. ఆయన నోరు తెరిచి ఉంది. ఆఖరి మాట ఒక్కటే మిగిలింది. అది నోట్లోనే నిలిచిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లోంచి హేమావతి కేక వినిపించింది.

"ఏమప్పా! చెప్పులెందుకు ఇడుస్తాండావు? వద్దు! ఓ బావా, ఈయప్ప నీళ్లలోకి దిగతాండాడు, చెప్పు బావా, నీ మాటైతే ఇంటాడు!"

కుళ్లాయప్ప గిర్రున తిరిగాడు. ముఖం మీద వాన, చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"ఆగు!" అని అరిచాడు.

ఆ అరుపు వానకో, తిప్పేష్‌కో బస్టాండులో ఎవరికీ తెలియలేదు. ఆ రెంటిలో ఒకటి మాత్రం ఆగింది. ఏది ఆగిందన్నది వచ్చే వారం.